మ్యాప్‌లో స్థానబలం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్కారమండీ. మేము నలుగురం ఇంజినీరింగ్ చదువుతున్న స్నేహితులం. రెండేళ్లుగా బీజీఎంఐలో (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా, చివరిదాకా బతికిన జట్టే గెలిచే తుపాకీల ఆట) ఒకే స్క్వాడ్‌గా ఎరాంగెల్ అనే మ్యాప్ ఆడుతున్నాం. ఆట సగం వరకు కిల్స్ మాకే ఎక్కువ వస్తాయి. చివరి జోన్లలో మాత్రం గుట్ట మీదో కాంపౌండ్‌లోనో కూర్చున్న ఏదో ఒక జట్టు మా నలుగురినీ నిమిషంలో పడగొట్టేస్తుంది. లోపం మా ఎయిమ్‌లో ఉందా, లేక ఆ చోటుకే అంత బలం ఉందా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మిమ్మల్ని ఓడించిన జట్టు కూర్చుని ఉంది, మీరు పరుగెత్తుతున్నారు. జట్టు పోరాటాలున్న ఏ ఆన్‌లైన్ ఆటలోనైనా స్థానబలం గురించి ఎవరు అడిగినా నేను వేసే మొదటి ఎదురు ప్రశ్న ఒకటే: ఆ సమయంలో కదలక తప్పని జట్టు ఏది? గుట్ట ఎత్తు, గోడ మందం, కిటికీల లెక్క ఇవన్నీ దాని తర్వాత చూడవలసిన సంగతులు. కదలక తప్పని జట్టు పరుగెత్తుతున్నంతసేపూ కాల్చలేదు. దాని అడుగుల చప్పుడో బండి చప్పుడో ముందే దాని జాడ చెప్పేస్తుంది. ఏ చెట్టు వెనుక ఎవరున్నారో తెలియక పది దిక్కులు చూసుకోవలసి వస్తుంది. కూర్చున్న జట్టు చూసుకోవలసినవి ఒకటి రెండు దారులు మాత్రమే, పైగా తుపాకీ ముందే ఎక్కుపెట్టి ఉంటుంది.

ఎరాంగెల్ పొడవు 8 కిలోమీటర్లు, వెడల్పూ అంతే. అంత స్థలంలో 100 మంది దిగుతారు కాబట్టి ఆట మొదట్లో ఎవరి మీదా కదలాలన్న ఒత్తిడి పెద్దగా ఉండదు. పొచింకీ ఊళ్లోనో స్కూల్ దగ్గరో ఎదురుపడిన రెండు జట్లు దాదాపు సమాన స్థితిలోనే తలపడతాయి. అలాంటి పోరులో గురి బాగున్నవారు గెలుస్తారు. మీకు కిల్స్ వస్తున్నాయంటే మీ గురిలో లోపం లేదని ఆటే చెబుతోంది. జోన్, అంటే ప్రాణానికి హాని లేని వలయం, ముడుచుకునే కొద్దీ లెక్క మారుతుంది. తర్వాతి సురక్షిత ప్రాంతాన్ని చూపే తెల్ల వలయం ఇప్పుడున్న వలయం లోపలే పడుతుందని అందరికీ తెలుసు, లోపల ఎక్కడ పడుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. అది పడగానే జట్లన్నీ రెండు రకాలుగా విడిపోతాయి: ఉన్నచోటే ఉండగలిగినవి, లేచి వెళ్లక తప్పనివి. మీరు ప్రతిసారీ రెండో రకంలో ఎందుకు ఉంటున్నారన్నదే మీ అసలు సమస్య.

గుట్ట మాట కూడా వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దాని బలం ఎత్తులోనే ఉందని చాలామంది అనుకుంటారు. గుట్ట అంచున, అంటే రిడ్జ్ మీద ఉన్న మనిషి తల మాత్రమే కింద ఉన్నవారికి కనిపిస్తుంది. కింద ఉన్న మనిషి నిలువెల్లా పైవాడికి కనిపిస్తాడు. ఇది ఒక్కటే అయితే పెద్ద తేడా కాకపోవచ్చు. దెబ్బ తగిలినప్పుడు పైవాడు రెండడుగులు వెనక్కి వేస్తే పూర్తిగా మరుగైపోయి, తీరికగా కట్టు కట్టుకుని, మరోచోట తల ఎత్తగలడు. కిందివాడికి ఆ రెండడుగుల మరుగు లేదు. ఒక చెట్టో, పేలిపోవడానికి సిద్ధంగా ఉన్న బండో మాత్రమే దిక్కు. పోరులో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే అవకాశం పైవాడికి ఎన్నిసార్లయినా దొరుకుతుంది, కిందివాడికి ఒక్కసారే దొరుకుతుంది. గుట్ట ఇచ్చే అసలు బలం ఇదే.

దీనికి తోడు మీరు ఆడేది టీపీపీ అయితే, కెమెరా ఆటగాడి వెనుక, భుజానికి పైగా ఉంటుంది. గోడ చాటున నిలబడినవాడు తన శరీరంలో ఒక్క అంగుళం కూడా బయటపెట్టకుండానే గోడ అవతల నడిచివచ్చేవారిని చూస్తూ ఉండగలడు. వచ్చేవారికి గోడ మాత్రమే కనిపిస్తుంది. మనిషి కళ్లతోనే చూసే ఎఫ్‌పీపీలో, అవతలివాడిని చూడాలంటే తానూ కొంత బయటపడక తప్పదు కాబట్టి ఈ తేడా చాలా తగ్గుతుంది. అదే కాంపౌండ్‌కు టీపీపీలో ఉన్నంత విలువ ఎఫ్‌పీపీలో ఉండకపోవడానికి కారణం ఇదే.

మరి ఏం చేయాలి? నా అభిప్రాయంలో మీరు మార్చుకోవలసిన మొదటి అలవాటు లూట్, అంటే తుపాకులూ మందులూ ఏరుకోవడం గురించినది. కిల్స్ ఎక్కువ వచ్చే జట్లకు చనిపోయినవారి పెట్టెలు వెతికే పని కూడా ఎక్కువే ఉంటుంది. ఆ పనిలో వలయం పడిన సంగతి తెలిసి కూడా ఇంకో అర నిమిషం, ఇంకో ఇల్లు అనుకుంటూ ఆలస్యం చేస్తారు. ఎరాంగెల్ దక్షిణాన ఉన్న మిలిటరీ బేస్‌లో దిగిన జట్ల గతి చూడండి. అక్కడ లూట్ దండిగా ఉంటుంది. వలయం ఉత్తరాన పడితే మాత్రం ప్రధాన ద్వీపానికి చేరడానికి రెండు వంతెనలే దిక్కు, లేదా పడవ పట్టుకోవాలి, కాదంటే ఈదాలి. వంతెన అవతల ఎవరో ఒకరు కాచుకుని ఉంటారని తెలిసి కూడా ఆ దారినే వెళ్లవలసి వస్తుంది. త్వరగా బయలుదేరిన జట్టుకు అదే వంతెన ఖాళీగా ఉంటుంది. స్థానం గొప్పదా కాదా అన్నది అక్కడికి ఎప్పుడు చేరామన్నదాన్ని బట్టి కూడా తేలుతుందని ఆ వంతెన చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు.

రెండో అలవాటు నలుగురూ ఒకే ఇంట్లో దూరడం. ఒకే ఇల్లు అంటే ఒకే చూపు కోణం, పైగా గ్రనేడ్లకు ఒకే గురి. ఇద్దరు ఇంట్లో, ఇద్దరు యాభై అడుగుల దూరంలో ఒక రాయి వెనుక ఉంటే, మీ మీదికి వచ్చే జట్టు ఒకరి నుంచి దాక్కునే ప్రతి చోటూ ఇంకొకరికి కనిపిస్తుంది. అప్పుడు మామూలు చోటు కూడా కోటలా పనిచేస్తుంది. ఇలా పంచుకోని జట్టుకు గుట్ట శిఖరం దొరికినా లాభం తక్కువ. చెట్టు లేని శిఖరం మీద నలుగురు గుంపుగా నిలబడితే చుట్టూ ఉన్న మూడు జట్లకూ వాళ్లే గురి అవుతారు. అన్ని దిక్కులూ కనిపించే శిఖరం కంటే వెనుక నీలి జోన్ (వలయం బయట, ఉన్నవారి ఆరోగ్యం తరిగిపోయే ప్రాంతం) ఉన్న వాలును నేను ఎక్కువ ఇష్టపడతాను, ఎందుకంటే ఆ నీలి జోన్‌లోంచి మీ వెనుకకు వచ్చేవారు చాలా తక్కువ.

ఇంత చేసినా కొన్ని ఆటల్లో వలయం మీకు దూరంగానే పడుతుంది. ఆరోజుకు స్మోక్ గ్రనేడ్లు దాచుకోండి. మీరు కదిలే దారి మీదే కాకుండా, మిమ్మల్ని చూసేవాడి కళ్ల ముందు కూడా ఒకటి రెండు వేస్తే అతని స్థానబలం కొన్ని క్షణాలపాటు చెల్లకుండా పోతుంది.

ప్రశ్న: అయ్యా, మా జట్టు కౌంటర్ స్ట్రైక్ 2లో న్యూక్ మ్యాప్ ఆడుతూ మొదటి సగంలో టెర్రరిస్టుల పక్షం (బాంబు పెట్టడానికి దాడి చేసే పక్షం; రెండోది దాన్ని అడ్డుకునే కాపలా పక్షం) వచ్చి 4–8తో వెనుకబడింది. సగంలోనే ఇద్దరు నిరుత్సాహపడి మనసు పెట్టి ఆడడం మానేశారు. ఒక పక్షానికే అనుకూలమైన మ్యాప్‌ను పోటీల్లో ఎందుకు ఉంచుతారు? ఇది న్యాయమేనా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు మీ 4–8 సంగతి చూద్దాం, ఎందుకంటే ఆ ఇద్దరు మిత్రులు తొందరపడ్డారని నాకు గట్టిగా అనిపిస్తోంది. రెండు జట్లూ సమానమైనవనీ, ఆ మ్యాప్‌లో కాపలా పక్షం ప్రతి మూడు రౌండ్లలో రెండు గెలుస్తుందనీ ఊహకు అనుకుందాం. అప్పుడు దాడి పక్షానికి 12 రౌండ్లలో 4 రావడం ఓటమి కానే కాదు, న్యాయంగా రావలసిన వాటా అదే. రెండో సగంలో పక్షాలు మారి మీకు 8, వారికి 4 వస్తే స్కోరు 12–12. అంటే మీరు సగంలో నిలిచింది సరిగ్గా సమాన స్థితిలో. నిజానికి బాగా సాధన చేసిన జట్ల మధ్య న్యూక్ అంతగా ఒక పక్షానికి వాలదు. మీ స్థాయి ఆటల్లో ఎంత వాలుతుందో మీ పాత స్కోర్లే చెబుతాయి. ఏ మ్యాప్‌లోనైనా సగం స్కోరును ఆ పక్షానికి మామూలుగా వచ్చే వాటాతో పోల్చి చూడాలి తప్ప, అవతలి జట్టు అంకెతో పోల్చుకుని కుంగిపోకూడదు.

న్యూక్ కాపలా పక్షానికి ఎందుకు అనుకూలమో మ్యాప్ నిర్మాణంలోనే కనిపిస్తుంది. ఇది 1999 నుంచి ఉన్న మ్యాప్, అణు విద్యుత్ కేంద్రం దాని నేపథ్యం. 2016లో ఈ ఆటను తయారుచేసే వాల్వ్ సంస్థ దీన్ని కొత్తగా తీర్చి విడుదల చేసింది. తక్కిన మ్యాప్‌లలో బాంబు పెట్టే రెండు చోట్లూ (సైట్లు) ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. న్యూక్‌లో ‘ఏ’ (A) సైట్ పై అంతస్తులో, ‘బీ’ (B) సైట్ దాని కిందే ఉంటాయి. పైన దాడి జరుగుతోందనుకుని వచ్చిన కాపలావాడు, అది కిందికి మళ్లిందని తెలియగానే గాలిగొట్టాల దారిలో క్షణాల్లో దిగిపోగలడు. దాడి చేసేవారు ఒకచోట ఆశ చూపి మరోచోట పడదామనుకుంటే, మోసపోయిన కాపలావాడు తిరిగి రావడానికి పట్టే సమయమే వారికి మిగిలే లాభం. న్యూక్‌లో ఆ లాభం బాగా తక్కువ. పైగా రౌండ్ గడువు 1 నిమిషం 55 సెకన్లు. గడువు తీరేలోగా బాంబు పెట్టకపోతే ఓడేది దాడి పక్షమే కాబట్టి కదలక తప్పనిది కూడా ఆ పక్షమే.

అయితే ఈ ఆటను తీర్చినవారి తెలివి నాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది బాంబు పెట్టిన క్షణంలో. ఆ క్షణం నుంచి 40 సెకన్లలో అది పేలుతుంది. దాన్ని నిర్వీర్యం చేయడానికి 10 సెకన్లు కావాలి, కిట్ ఉంటే 5. అప్పటిదాకా కూర్చుని ఉన్న కాపలా పక్షం ఇప్పుడు లేచి రావాలి, దాడి పక్షం మూలల్లో కూర్చుని ఎదురుచూడవచ్చు. గోడలేవీ కదలలేదు, స్థానబలం మాత్రం చేతులు మారింది. అందుకే న్యూక్‌లో దాడి చేసేటప్పుడు ఐదుగురూ కాపలావారిని చంపడం గురించే ఆలోచిస్తే చాలదు. బాంబు పెట్టాక ఎవరు ఏ మూలకు వెళ్లాలో రౌండ్ మొదలయ్యేలోపే అనుకుని ఉండాలి. మీరు ఓడిన ఎనిమిది రౌండ్లలో బాంబు పెట్టి కూడా ఓడినవి ఎన్నో ఒకసారి డెమో (ఆట రికార్డింగు) తెరిచి లెక్కపెట్టండి. ఆ అంకె రెండు దాటితే తప్పు మ్యాప్‌ది కాదు.

న్యాయం సంగతికి వస్తే, అసమానమైన ఆట అన్యాయమైన ఆట కానక్కరలేదు. మన పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. రెండు పక్షాల బలమూ, ఎత్తుగడలూ పూర్తిగా వేరు, అయినా దాన్ని తరతరాలుగా గుడి అరుగుల మీద గీసుకుని ఆడుకున్నారు; ఒక ఆట పులులతో ఆడినవారు మరుసటి ఆట మేకలతో ఆడతారు. కౌంటర్ స్ట్రైక్‌లో 12 రౌండ్ల తర్వాత పక్షాలు మారడం ఆ పనే చేస్తుంది. మూడు మ్యాప్‌ల పెద్ద పోటీల్లో ఒక జట్టు మ్యాప్‌ను ఎంచుకుంటే, ఏ పక్షంతో మొదలుపెట్టాలన్నది రెండో జట్టు ఎంచుకుంటుంది. రొట్టెను ఒకరు తుంచితే ఏ ముక్క కావాలో రెండోవారు తీసుకునే పద్ధతి ఇది, దీనికంటే న్యాయమైన ఏర్పాటు నాకు తోచలేదు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటూ తీరిక దొరికినప్పుడల్లా డోటా 2 ఆడతాను. రెండు కోటలు, మూడు దారులు, మధ్యలో ఒక నది. రెండు పక్షాలూ అద్దంలో బింబాల్లా ఉన్నప్పుడు ఎడమ కింది మూలనున్న రేడియంట్ మంచిదా, కుడి పైమూలనున్న డైర్ మంచిదా అన్న వాదన ఎందుకు వస్తుంది?
— ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: అవి అద్దంలో బింబాల్లా కనిపిస్తాయి, కానీ పూర్తిగా అలా ఉండవు. చెట్ల వరుసలు, అడవి దారులు, మెరకలు రెండు వైపులా వేర్వేరుగా ఉంటాయి. తనను చంపిన జట్టుకు రెండో ప్రాణమిచ్చే ఏజిస్ అనే వస్తువును ఇచ్చే రోషన్ అనే భీకర జీవి గుహ, మ్యాప్ పాత రూపంలో డైర్ పక్షానికి చేరువగా ఉండేది. అటువైపు దారి దగ్గరైతే ఆ పోరులో ముందు కుదురుకునేది ఎవరో వేరే చెప్పక్కరలేదు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన పెద్ద మార్పులో మ్యాప్‌ను సుమారు 40 శాతం పెంచి, రోషన్‌కు రెండు గుహలు ఏర్పాటు చేశారు. పగలూ రాత్రీ మారినప్పుడు అది ఒకదాని నుంచి మరొకదానికి మారేలా చేయడంతో ఆ పాత పక్షపాతం చాలావరకు తగ్గింది.

మ్యాప్‌ను నూటికి నూరుపాళ్లు సమానంగా గీసినా తేడా ఒకటి మిగులుతుంది, అది మీ తెరలో ఉంది. ఈ ఆటలోనూ ఇలాంటిదే అయిన లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లోనూ కెమెరా నిట్టనిలువుగా కిందికి చూడదు, దక్షిణం నుంచి కొంచెం వాలి చూస్తుంది. అందువల్ల తెర పైభాగంలో ఎక్కువ నేల, కిందిభాగంలో తక్కువ నేల కనిపిస్తాయి. ఆ కింది భాగంలోనూ బొమ్మలు, మీటలు కొంత కప్పేస్తాయి. ఎడమ కింది మూల నుంచి పైకి దాడి చేసేవారికి ముందున్నది బాగా కనిపిస్తుంది, కుడి పైమూల నుంచి కిందికి వచ్చేవారు తరచూ కెమెరాను ముందుకు జరుపుకోవలసి వస్తుంది. మీరు డైర్ పక్షంలో ఉన్నప్పుడు ఇది గుర్తుంచుకుని కెమెరా జరపడం అలవాటు చేసుకుంటే సరిపోతుంది.

హనుమకొండ పాఠకుడు అడిగిన గుట్ట బలాన్ని డోటాలో అంకెగానే రాసి పెట్టారని కూడా చెప్పాలి. పల్లం నుంచి మెరక మీద ఉన్నవారిపై దూరం నుంచి చేసే దాడుల్లో 25 శాతం గురి తప్పుతాయి, పైగా మెరక మీద ఏముందో పల్లంలో ఉన్నవారికి కనిపించదు. గెలుస్తున్న జట్లు కోట మెట్ల దగ్గర వచ్చి ఆగిపోయి, ఏజిస్ దొరికేదాకా పైకి ఎక్కకుండా ఎదురుచూడడంలో ఉన్న వివేకం అదే.

ప్రశ్న: వాలరెంట్‌లో నేను మూల దగ్గర కదలకుండా కాచుకుని ఉన్నా, దూసుకువచ్చినవాడే నన్ను ముందు కాలుస్తున్నాడు. కూర్చున్నవాడిదే బలం అంటారు కదా, మరి ఇదేమిటి?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మంచి ప్రశ్న. మొదటి జవాబులో నేను చెప్పినదానికి ఉన్న హద్దును ఇది చూపిస్తోంది. మూల తిరిగి వచ్చేవాడి కదలిక అతని కంప్యూటర్ నుంచి సర్వర్‌కు, అక్కడి నుంచి మీ తెరకు చేరాలి. మీరు మాత్రం కదలకుండా నిలబడి ఉన్నారు కాబట్టి అతను మూల దాటిన క్షణంలోనే మీరు అతని తెర మీద ఉంటారు. ఇద్దరి పింగ్ (సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) 60 మిల్లీసెకన్ల చొప్పున ఉంటే, ఆ ప్రయాణానికే దాదాపు 60 మిల్లీసెకన్లు పడుతుంది. మనిషి చూసి స్పందించడానికి ఐదో వంతు సెకను, అంటే సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుందని తీసుకుంటే, ఆ ఆలస్యం తక్కువేమీ కాదు. వాలరెంట్ సర్వర్లను ఆట స్థితిని సెకనుకు 128 సార్లు లెక్కకట్టేలా నడపడంలో ఈ తేడాను తగ్గించాలన్న ఉద్దేశం కూడా ఉంది. అయినా అది పూర్తిగా పోదు.

అయితే మీ ఇబ్బందిలో ఇంటర్నెట్ పాత్ర కొంతే. మిగిలినది కోణాల లెక్క. మూలకు దగ్గరగా నిలబడినవాడి కంటే దూరంగా నిలబడినవాడికే అవతలివాడి భుజం ముందు కనిపిస్తుంది. గోడకు ఆనుకుని నిలబడితే సురక్షితమని మనసుకు అనిపిస్తుంది గానీ, ఆ చోటు నుంచి మీ భుజం మీ కంటి కంటే ముందు బయటపడుతుంది. అందుచేత మూల నుంచి వీలైనంత వెనక్కి, అతను గురిపెట్టుకుని వచ్చే చోటుకు కొంచెం పక్కగా నిలబడండి. ఒక్కసారి కనిపించాక అక్కడే ఉండకండి. చోటు తెలిసిపోయిన కాపలావాడికి స్థానబలం మిగలదు.

నేను కదలక తప్పని జట్టు నష్టపోతుందన్నాను. మీ మీదికి వచ్చినవాడు కదలక తప్పక రాలేదు, ఎప్పుడు రావాలో తానే ఎంచుకుని వచ్చాడు. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. సహచరుడు ఒకరు మరో కోణం నుంచి అదే మూలను చూస్తూ ఉంటే, అతను ఎంచుకున్న సమయం ఇద్దరిలో ఒకరి మీద మాత్రమే పనిచేస్తుంది.

ప్రశ్న: మా కళాశాలలో బీజీఎంఐ, కౌంటర్ స్ట్రైక్ పోటీలు పెట్టబోతున్నాం. మ్యాప్ వల్ల ఓడామన్న గొడవ రాకుండా ఏం చేయాలి?
— ఒక అధ్యాపకుడు, గుంటూరు

జవాబు: బీజీఎంఐలో ఒక్క ఆటతో విజేతను తేల్చకండి. వలయం ఎక్కడ పడుతుందన్నది అదృష్టం కాబట్టి, కనీసం ఆరు ఆటలు పెట్టి పాయింట్లు కలపండి. వాటిని ఎరాంగెల్, మిరామార్, సాన్‌హోక్‌ల మధ్య పంచండి. సాన్‌హోక్ 4 కిలోమీటర్ల చదరం మాత్రమే కావడంతో దగ్గరి పోరులో నిపుణులైన జట్లకూ న్యాయం జరుగుతుంది. ఏ ఆట ఏ మ్యాప్‌లో జరుగుతుందో వారం ముందే నోటీసు బోర్డులో పెట్టండి. కౌంటర్ స్ట్రైక్‌లో జట్లు వంతులవారీగా తమకు వద్దనుకున్న మ్యాప్‌లను తీసేయాలి. చివరికి మిగిలినదాన్ని ఆడాలి. పక్షాన్ని నాణెం ఎగరేసి నిర్ణయించాలి. తీసివేతల వరుసనూ, నాణెం ఫలితాన్నీ ఒక కాగితం మీద రాసి, ఆట మొదలయ్యే ముందే ఇద్దరు కెప్టెన్ల చేత సంతకం చేయించి మీ దగ్గర ఉంచుకోండి.